ట్యాంకు మీద సుద్దరాత

పోయిన వారం మన కథానాయిక పెన్సిలును ఒక ప్రశ్న ముందు నిలబెట్టి వచ్చేశాం. "మేడమ్, ఈ పాత ఫోటోలో బండి ట్యాంకు మీద ఏవో సుద్దరాతలున్నాయి. కంప్యూటర్లో తుడిచేయమంటారా?" అని ప్రకటనల విభాగం అమ్మాయి అడిగింది. అడిగినామెకు అది అర నిమిషం పని. విన్నామెకు కాళ్లూ చేతులూ ఆడలేదు. "తుడవొద్దు. నాకో కాపీ తీసివ్వు" అంది.

రేపు ఉదయం పదింటికి ఆమె పనిచేసే మోటారు సైకిళ్ల కంపెనీ మూడు కొత్త బండ్లను జనం ముందు పెడుతోంది. ఒకటి చిన్నది, ఒకటి మధ్యస్థం, ఒకటి పెద్దది. చూస్తే ఒక తల్లి పిల్లలే. ముందు గాలికి అడ్డం పెట్టే అద్దం లేదు, పక్కల ప్లాస్టిక్ తొడుగుల్లేవు. ఇంజనూ, ఫ్రేమూ, పొగగొట్టమూ అన్నీ బయటికే కనిపిస్తాయి. అమ్మేవాళ్లు వీటిని నేకెడ్ బైకులంటారు. ఫ్యాక్టరీలో వాళ్లు "బట్టల్లేని బండ్లు" అని పరాచికాలాడతారు. ఆ బండికి ఒంటిమీద చెప్పుకోదగ్గ ముక్క ఏదైనా ఉందంటే అది పెట్రోలు ట్యాంకే. ఆ ట్యాంకును గీసింది పెన్సిలు. ఎప్పుడూ జుట్టులో పెన్సిలు దోపుకుని తిరుగుతుందని మేనమామ పెట్టిన పేరు అది. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు.

మూడు బండ్లకీ కలిపి కంపెనీ ఒక మాట రాయించింది: "దాచిందేమీ లేదు." గేటు దగ్గరా అదే, క్యాంటీన్లోనూ అదే, ఆఖరికి లిఫ్టులో కూడా. ఎవరు రాశారోగానీ, ఆమె వారం రోజులుగా ఆ అక్షరాల కిందనుంచి తల దించుకునే నడుస్తోంది.

ఆమె దాచిందేమిటో ఇప్పటికి మనకు మాత్రమే తెలుసు. ఆ ఫ్యాక్టరీలో పరీక్షకు తీసిన బండి గురించి ముందుగా కాగితం మీద రాయరు. నడిపి వచ్చిన రైడర్ దిగీ దిగగానే, హెల్మెట్ కూడా తీయకుండా, జేబులోని సుద్దముక్కతో ట్యాంకు మీదే రాస్తాడు. బండి వణుకు ఇంకా ఒంట్లో ఉన్నప్పుడే రాయాలంటారు. మెకానిక్ అది చూసి బాగుచేస్తాడు. ఆ తర్వాత పెద్ద రైడర్ మళ్లీ నడిపి, సరిపోయిందనుకుంటే తన చేత్తో తుడుస్తాడు. తుడిచే హక్కు ఆయనొక్కడిదే. అంచేత రాత ఉన్న బండిని ఎవరూ ముట్టుకోరు, శుభ్రంగా ఉన్న ట్యాంకును ఎవరూ అనుమానించరు.

మూడేళ్ల కిందట, ఈ బండ్లకు మొట్టమొదటి నమూనా తయారైనప్పుడు, ఫోటోల కోసం పెన్సిలు తడిగుడ్డతో ఆ ట్యాంకు మీది సుద్దరాతను తుడిచింది. భోజనాలయ్యాక ఆ బండి ఎక్కినవాడు మలుపులో పడ్డాడు. ఎడమ మోకాలు ఇక మళ్లీ వంగలేదు. పడ్డవాడు ఆమె బావ. అప్పటి పెద్ద రైడర్ ఆమె మేనమామ, అంటే పడ్డవాడి కన్నతండ్రి. ముందురోజు బండి నడిపి కూడా లోపాన్ని రాయడం మర్చిపోయి, సొంత కొడుకునే దాని మీద ఎక్కించాడని విచారణలో తేల్చారు. ఆయన మారు మాట్లాడకుండా ఉద్యోగం వదిలేశాడు. ఆ రోజునుంచీ కొడుకు తండ్రితో మాట్లాడడు.

ఇక ఇవాళ్టి సంగతి. సాయంత్రం నాలుగింటికి, వేదిక మీద దీపాలు సరిచూడాల్సిన మనిషి, ఆ పని ఇంకెవరికో అప్పజెప్పి, ఫోటో సంచిలో పెట్టుకుని మావయ్య దగ్గరికి బయల్దేరింది.

మావయ్య ఇప్పుడు స్కూటరు నేర్పుతాడు. మూతబడ్డ గోదాము వెనకాల సిమెంటు నేల ఉంది. దాని మీద పాత టైర్లు వరసగా పేర్చాడు, సుద్దతో పెద్ద ఎనిమిది అంకె గీశాడు. ఒకప్పుడు మోకాలు నేలకి రాసుకునేంతగా బండిని వంచి మలుపులు తిప్పిన మనిషి, ఇప్పుడు నడక వేగంతో పోయే స్కూటర్ల వెనక ఆయాసపడుతూ పరుగెడుతున్నాడు. ఆమె వెళ్లేసరికి ఒక లెక్కల టీచరమ్మ ఎనిమిది అంకె మీద తిరుగుతోంది. ఆవిడ భుజాలు రెండూ చెవులకి తగులుతున్నాయి.

"సార్, పట్టుకున్నారా?"

"పట్టుకున్నానమ్మా."

"గట్టిగా పట్టుకున్నారా?"

"గట్టిగానే పట్టుకున్నా. నువ్వు ముందుకు చూడు."

నిజానికి ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, పది అడుగుల దూరంలో నడుస్తున్నాడు. గొంతులో ఎక్కడా తొణుకు లేదు. ఆవిడ ఎనిమిది పూర్తిచేసి, ఆగి, వెనక్కి తిరిగి చూసుకుని, "అమ్మో, ఎంత అబద్ధం!" అని గుండె మీద చెయ్యేసుకుంది. మావయ్య నవ్వాడు. పెన్సిలుకీ నవ్వొచ్చింది. ఆ నవ్వు పెదవి దాటకముందే తను ఎందుకొచ్చిందో గుర్తొచ్చి ఆగిపోయింది.

టీచరమ్మ వెళ్లిపోయాక ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చాడు. "వచ్చావా తల్లీ! రేపు నీ పిల్లలు ముగ్గురూ గడప దాటుతున్నారుగా. ఇవాళ ఇక్కడేం పని నీకు?"

"ఊరికే."

"నువ్వు ఊరికే వచ్చే రకం కాదులే. హ్యాండిలు ఎలా ఉంది ఇప్పుడు?"

"నూట నలభై దాకా కదలట్లేదు మావయ్యా. హ్యాండిలు బిగించే ఫ్రేము మెడ మార్చాం. బావ పడ్డాక నువ్వు చెప్పినట్టే."

"సంతోషం." ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. వెళ్లగొట్టినంత పనిచేసిన కంపెనీ బండి బాగా వచ్చిందంటే సంతోషించే మనుషులు ఇంకా ఉన్నారు. వాళ్ల ఎదుట నిలబడి అబద్ధం మొయ్యడం ఎంత కష్టమో ఆ క్షణాన పెన్సిలును అడగాలి.

గోదాము గోడ నీడలో రెండు కుర్చీలున్నాయి. ఆమె కూర్చోలేదు.

"మావయ్యా, నీకొకటి చూపించాలి. చూశాక తిట్టు, కొట్టు, ఏమన్నా చెయ్యి. కానీ నేను చెప్పేదాకా విను."

"అంత ముందుమాట ఎందుకే?" అంటూ ఆయన కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. ఆమె ఫోటో ఇచ్చింది.

నీలం రంగు ట్యాంకు. పక్కన ఫోటోగ్రాఫర్ దీపపు స్టాండు. కాంతి సరిపోయిందో లేదో చూసుకోవడానికి అతను అన్నిటికన్నా ముందు తీసిన ఫోటో అది. ట్యాంకు మీద తెల్లగా రెండు వరసలు: "90 దాటితే హ్యాండిలు కొట్టుకుంటోంది. బండి తీయొద్దు."

మావయ్య ఫోటోను వెలుతురుకి తిప్పాడు. ఒకసారి చదివాడు. వేలు పెట్టి అక్షరం అక్షరం మళ్లీ చదివాడు.

"ఇది ఆ రోజుదా?"

"ఆ రోజుదే. వెనక తారీఖు ఉంది."

"అయితే నేను రాశానన్నమాట!" ఆయన కుర్చీలోంచి లేచాడు. మొహం ఒక్కసారిగా పదేళ్లు వెనక్కి పోయింది. "రాశానమ్మాయ్! మర్చిపోలేదు! మూడేళ్లనుంచి పొద్దున్నే మొహం కడుక్కుంటూ ఇదే ఆలోచన. సుద్ద చేతిలోకి తీశానా, లేదా? తీసినట్టే ఉంటుంది. మళ్లీ తీయనట్టూ ఉంటుంది. విచారణలో ముందు రాశానన్నాను. తర్వాత రాశాననుకుంటా అన్నాను. ట్యాంకు శుభ్రంగా ఉందని నలుగురూ చెప్తుంటే ఇంకేమనను? నా మీద నాకే నమ్మకం పోయింది. మీ అత్తయ్యకి ఈ మాట చెప్తే..."

కళ్లనీళ్లు జారి కళ్లజోడు కింద ఆగాయి. ఆయన తుడుచుకోలేదు. పెన్సిలు చూడలేక టైర్ల వైపు చూసింది. ఇక్కడితో ఆపేసి వెళ్లిపోతే బాగుండునని ఒక పాడు ఆలోచన కూడా వచ్చింది ఆమెకి. దాచడం ఏం లాభం, వచ్చింది.

"మరి ఎవరు తుడిచారు?" అన్నాడాయన.

"నేను."

ఆయనకు అర్థం కానట్టుంది. "నువ్వేంటి?"

"నేనే మావయ్యా. ఫోటోలో సుద్ద కనిపిస్తే బాగుండదని తడిగుడ్డతో తుడిచాను. నువ్వప్పుడు భోజనానికెళ్లావు."

"చదివావా?"

ఈ ప్రశ్నకి ఆమె మూడేళ్లనుంచి జవాబు తయారుచేసుకుంటోంది. మరకలనుకున్నానని చెప్పొచ్చు. తొందరలో చూడలేదని చెప్పొచ్చు. అద్దం ముందు నిలబడి చెప్పుకుని చూసింది కూడా. కానీ ఎదురుగా ఆ కళ్లజోడు పెట్టుకుని మావయ్య ఉంటే ఆ మాటలు ఒక్కటీ పైకి రాలేదు.

"పై వరస చదివాను. ఫోటో అవగానే నీకు చెప్పి మళ్లీ రాయిద్దామనుకున్నాను. ఒట్టు, అదే అనుకున్నాను. ఈలోగా పెద్ద డైరెక్టర్ గారు వచ్చారు. ట్యాంకు చూసి చాలా బాగుందన్నారు. ఆ ఒక్క మాటకి నాకు ఒళ్లు తెలియలేదు మావయ్యా. ఆయన వెంటే మాట్లాడుకుంటూ పై అంతస్తుకి వెళ్లిపోయాను. కిందినుంచి అరుపులు వినిపించాక గుర్తొచ్చింది."

"విచారణలో నిన్నడిగారు కదా?"

"అడిగారు. ట్యాంకు మీద ఏమీ చూడలేదని చెప్పాను."

మావయ్య మెల్లిగా కూర్చున్నాడు. తిట్టలేదు. తిడితే ఆమెకి కాస్త ఊపిరాడేది. చిన్నప్పుడు ఆమెను బండి ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని తిప్పిన మనిషి. బొమ్మలు కూడు పెడతాయా అని ఇంట్లో అందరూ వెక్కిరిస్తే, చెయ్యి పట్టుకుని ఫ్యాక్టరీ గేటు దాకా తీసుకెళ్లిన మనిషి. ఆమె మొహం చూడలేకో ఏమో, మళ్లీ ఫోటోలోకే తల వంచాడు.

అలా వంచిన తల ఎత్తకుండానే కళ్లజోడు తీసి, అద్దాన్ని ఫోటోకి దగ్గరగా పట్టి, కింది మూలని చూశాడు.

"అమ్మాయ్. ఇవేంటో చూడు."

హ్యాండిలు నీడ పడ్డ చోట రెండు చిన్న సున్నాలు, పక్కపక్కన. "మరకలు కదా?" అంది.

"మరకలు కాదు. రైడర్లు పేరు రాయరు, గుర్తు పెడతారు. నాది ఒక చక్రం, మధ్యలో చుక్క. మీ బావ పనిలో చేరిన రోజున, నీకొకటైతే నాకు రెండు నాన్నా అని రెండు చక్రాలు పెట్టాడు." ఆయన ఫోటోను ఒళ్లో పెట్టుకున్నాడు. మొహంలో ఇందాకటి వెలుగు మొత్తం ఆరిపోయింది. "సుద్దతో రాస్తే నా అక్షరాలూ వాడివీ ఒకలాగే ఉంటాయి. ఇది నా రాత కాదు. వాడిది."

పెన్సిలు ఖాళీ కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

మావయ్య తనలో తను లెక్క చూసుకుంటున్నట్టు మాట్లాడాడు. "ముందురోజు సాయంత్రం నేను నడిపాను. చేతుల్లో చిన్న వణుకు తగిలింది. అద్దం లేని బండి, గాలి నేరుగా ఛాతీకి కొడుతుంది, ఆ గాలే చేతుల్లోకి దిగుతోందనుకున్నాను. రేపు ఇంకోసారి చూసి రాద్దాంలే అనుకున్నాను. అంటే నేను నిజంగానే రాయలేదు. పొద్దున వాడు నడిపాడు. వాడికి తెలిసిపోయింది. నాకు గాలి అనిపించింది, వాడు లోపమని పట్టేశాడు. నాకన్నా మంచి రైడర్ వాడు. రాసి, గుర్తు పెట్టి, భోజనానికెళ్లాడు. తిరిగొచ్చేసరికి ట్యాంకు శుభ్రంగా ఉంది."

"శుభ్రంగా ఉంటే..."

"పెద్ద రైడర్ చూసి తుడిచాడని అర్థం. నాన్న చూశాడుగా, ఇంకేం భయమని ఎక్కేశాడు. మూడేళ్లనుంచి వాడు అనుకునేది అదే. బాగుచేయించకుండానే నాన్న తుడిచేశాడని. ఫోటోల కోసం, పెద్దవాళ్ల మెప్పు కోసం కన్నకొడుకు రాసింది తుడిచేశాడని. ఆసుపత్రిలో విచారణవాళ్లు వచ్చి ట్యాంకు మీద ఏమన్నా ఉందా అని అడిగితే, వాడు ఉలుకూ పలుకూ లేకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. నా మీద కోపమనుకున్నాను. ఉందని చెప్తే తుడిచింది నేనేనని నా ఉద్యోగం పోతుందని, అందుకు తిరిగాడు."

"నన్ను కాపాడటానికి నోరు మూసుకుని, ఆ నోటితో ఇంక నాతో మాట్లాడలేదు" అన్నాడాయన. ఆమె తుడిచింది ఒక్క గుడ్డతో, ఒక్క నిమిషంలో. దానికింద ఎంత పోయిందో మూడేళ్ల తర్వాత ఇప్పుడు కొలతకి వస్తోంది.

"బావకి చెప్తాను. ఇవాళే చెప్తాను" అంది ఏడుస్తూనే. "రేపు వేదిక మీద కూడా చెప్తాను. నా ఉద్యోగం పోనీ."

"వద్దు."

"అదేంటి మావయ్యా?"

"వేదిక మీద చెప్తే వాడి చెవిన పడదా? వాడికి మాత్రం వద్దు. నలభై రోజులు ఆసుపత్రిలో వాడి మంచం పక్కన కూర్చుంది నువ్వు. అన్నం కలిపి పెట్టావు, వాకర్ పట్టుకుని నడిపించావు. ఇప్పటికీ ఆదివారం వాడు ఫోన్ చేసేది నీకే. వాళ్లమ్మతో కూడా ముక్తసరిగా మాట్లాడేవాడు నీతో నవ్వుతాడు. నువ్వూ పోతే వాడికి ఎవరున్నారు చెప్పు? నా మీద కోపం వాడికి అలవాటైపోయింది. నాకూ అలవాటైపోయింది."

"నేను కూర్చున్నది కూడా..." అని ఆమె ఆగిపోయింది. ప్రేమతో కూర్చుందో, భయంతో కూర్చుందో ఆమెకే సరిగ్గా తెలియదు. రెండూ ఉన్నాయి. వాటిని విడదీయడం ఇంక ఎవరివల్లా కాదు.

అంతలో గేటు దగ్గర హారన్ ఒకసారి మోగింది.

రోజూ అయిదింటికి మోగేదే. బావ సీట్లు కుట్టే షాపులో పనిచేస్తాడు. ఇంటికి వెళ్తూ దారిలో తండ్రిని ఎక్కించుకుంటాడు. ఒకసారి హారన్ కొడితే రమ్మని, రెండుసార్లు కొడితే ఆలస్యమైందని. అంతకుమించి మాటల్లేవు. వెనక ఇరుపక్కలా అదనపు చక్రాలు బిగించిన ఆ స్కూటరు మీద ముందొకరూ వెనకొకరూ కూర్చుని, తండ్రీ కొడుకూ మూడేళ్లుగా కిమ్మనకుండా ఇంటికి వెళ్తున్నారు. ఇంట్లో కూడా అత్తయ్యే మధ్యలో రాయబారి. నాన్నకి చెప్పు, నీ కొడుకుని అడుగు అని ఇద్దరూ ఆవిడ ప్రాణం తోడేస్తుంటారు.

ఇవాళ బావ గేటు దగ్గర ఆగలేదు. పెన్సిలును చూసి స్కూటరును లోపలికే తెచ్చాడు.

"ఏంటి మరదలా, రేపు పెళ్లి పెట్టుకుని ఇవాళ ఇక్కడ తిరుగుతున్నావు? పెళ్లికొడుకులు ముగ్గురూ అలిగారా?"

ఆమె నవ్వడానికి ప్రయత్నించింది. మొహం సహకరించలేదు. మావయ్య చటుక్కున ఫోటోను ఒళ్లో బోర్లా తిప్పాడు. ఆ తొందరే కొంప ముంచింది. ఫోటో వెనక, తెల్లటి కాగితం మీద, తారీఖు నల్లగా అచ్చుపడి ఉంది. ఇంకెవరికైనా అవి వట్టి అంకెలు. ఆ తారీఖున కాలు విరిగినవాడికి అవి అంకెలు కావు.

బావ నవ్వు ఆగింది. కర్ర ఊతంగా స్కూటరు దిగి, మెల్లిగా వచ్చి, తండ్రి ఒళ్లోంచి ఫోటో తీసుకున్నాడు. మావయ్య పట్టు విడవకుండా ఒక్క క్షణం బిగించాడు, తర్వాత వదిలేశాడు.

బావ చూశాడు. తన అక్షరాలు తనకు తెలియకపోవడమేముంది? మూలనున్న రెండు చక్రాల మీద బొటనవేలు పెట్టి ఒకసారి రుద్దాడు, అవి నిజంగా ఉన్నాయో లేదో చూసుకుంటున్నట్టు. ఆ వేలు అక్కడే ఉండిపోయింది.

పెన్సిలు నోరు తెరిచింది. మావయ్య కళ్లతోనే వద్దన్నాడు.

మూడేళ్లుగా అత్తయ్య కోరుకుంటున్నది అప్పుడు జరిగింది. బావ తల ఎత్తి, అమ్మ ద్వారా కాకుండా, హారన్‌తో కాకుండా, నేరుగా తండ్రి మొహంలోకి చూసి మాట్లాడాడు.

"నాన్నా. ఒక్కటే అడుగుతా. ఇది తుడిచింది నువ్వేనా?"

ఆ పిలుపు విని మావయ్య కళ్లు మూసుకున్నాడు. మూడేళ్లు ఆకలితో ఉన్నవాడి ముందు విస్తరి వేసినట్టయింది ఆయనకి. కాదు అని ఒక్క మాటంటే చాలు, కొడుకు తిరిగొస్తాడు. చెప్పు మావయ్యా, చెప్పెయ్ అని పెన్సిలు లోపల మొత్తుకుంటోంది.

ఆయన కళ్లు తెరిచాడు. లేచి నిలబడి, చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. ఇందాక టీచరమ్మతో పట్టుకున్నానని చెప్పిన గొంతుతోనే, ఎక్కడా తొణక్కుండా అన్నాడు:

"నేనే తుడిచానురా."

బావ చాలాసేపు తండ్రినే చూశాడు. ఆ కట్టుకున్న చేతుల్ని చూశాడు. తర్వాత ఫోటో పట్టుకునే మెల్లిగా ఆమె వైపు తిరిగాడు.

"ఆ రోజు నువ్వు అక్కడే ఉన్నావుగా. నువ్వు చెప్పు మరదలా. నిజమేనా?"